బిడ్డల మనస్సు – పెద్దల బాధ్యత
(రాజోలు వార్షిక మహాసభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. ఆ రెండును ఎవరికొఱకో ఆ బిడ్డల మనస్సును గూర్చి నాలుగు మాటలు విన్నవింప మేము నిలిచితిమి.

బిడ్డ మాట వినకున్న మనము మొదట గద్దింతుము. పిదప చేయి యెత్తుదుము. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతను సాక్ష్యముగా దెత్తుము. మొక్కల సంగతి కోనసీమవారికి ఒకరు చెప్పవలెనా? కొబ్బరిమొక్క మొవ్వు వాడినచో దానిని కొట్టు రైతు ఈ సీమలో లేడు. మొదట నీరు నిలిచినదేమో చూచును. మొవ్వులో కొమ్ముపురుగు చేరినదేమో వెదకును. చెట్టునకు చూపు నోర్పు బిడ్డకేల చూపరాదు?

నడవడి పైకి కనబడు ఆకు. కారణము లోపల నుండును. బడివేళకే కడుపునొప్పి యను బాలునకు బడిలో నెవరివలననో భయము గలుగుచుండవచ్చును. అబద్ధమాడు బాలిక లోగడ నిజము చెప్పి దెబ్బలు తినియుండవచ్చును. చెల్లెలు పుట్టిన పిమ్మట మరల పక్క తడుపు బిడ్డ తన చోటు పోయెనని బెంగగొని యుండవచ్చును. బెంగను బెత్తముతో మాన్పగల వారెవరు?

మన ప్రాంతమున ఈ విషయము మఱింత ముఖ్యమైనది. రాజోలు, సఖినేటిపల్లి, మలికిపురము, మామిడికుదురు మండలములనుండి ఎందఱో తల్లులును దండ్రులును కువైటు, దుబాయి, మస్కటులకుఁ బోయి పాటుపడి యిల్లు నిలుపుచున్నారు. వారి చెమటయే యిచ్చట ఇండ్లై, బడిజీతములై వచ్చుచున్నది. బిడ్డలు అమ్మమ్మల యొద్ద పెరుగుచున్నారు. ఏండ్లకు సెలవుపై వచ్చిన తల్లి చేతులు చాచును. బిడ్డ అమ్మమ్మ కొంగుచాటున దాగును. తల్లి గుండె చెఱువగును. ఎంత పొగరని చుట్టము లందురు.

అది పొగరు కాదు. తల్లి యెడబాటు పసిమనస్సు నెంత గాయపఱచునో ఆంగ్ల వైద్యుఁడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక వ్రాసెను. ఆయన సహచరుఁడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఆసుపత్రియందు తల్లిని విడిచియున్న రెండేండ్ల బాలికను చలనచిత్రముగాఁ దీసి చూపెను. ఇట్టి బిడ్డలయందు వారు మూడు దశలను గుర్తించిరి. బిడ్డ మొదట ఏడ్చి మొఱపెట్టును. పిదప నిరాశతో మౌనము వహించును. కడకు తల్లి వచ్చినను ఎడమొగము పెట్టును. ఈ కడపటి దశను జూచియే మనము బిడ్డ అలవాటుపడెనని సంతసించుచున్నాము!

కావున వచ్చిన తల్లి బిడ్డను బలిమిని లాగరాదు. చెంతఁ గూర్చుండి బిడ్డయే దరిజేరువఱకు ఓర్చుకొనవలెను. కోపగించి యేడ్చినచో ఏడ్వనిచ్చి, నేను లేక నీకు కష్టమైనది గదా యని చెప్పవలెను. దూరముననున్న దినములలో ఫోనున నియమిత కాలమున మాటాడవలెను. కువైటులో సాయంకాలము 6 గంటలైనపు డిచ్చట రాత్రి 8½ గంటలు. బిడ్డ పరుండకముందే తల్లి మొగము చూచుట మేలు. మార్కులే యడుగక, ఆ దినము ఎవరితో నాడుకొనెనో అడుగవలెను. అల్లరి చేసిన మీ యమ్మ రాదని బెదిరించుట అమ్మమ్మలు మానవలెను.

మనస్సెఱుగుట యన నడిగినదెల్ల నిచ్చుట కాదు. తప్పును తప్పనియే చెప్పవలెను, చెప్పుటకుముందు వినవలెను. ఈ మాట మనవారికి క్రొత్తది కాదు. 1939లో మేరియా మాంటిసోరీ మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. చలముగారు బిడ్డల శిక్షణమును గూర్చి తెలుగున గ్రంథమే వ్రాసిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. బడిలో కూడనిది ఇంటిలో కూడునా?

సంఘమునకు మా విన్నపములు రెండు. వసతిగృహమున బెత్తముండరాదని తీర్మానింపుడు. తలిదండ్రులు విదేశమందున్న బిడ్డలయొద్దకు గ్రామమున కొక్క పెద్ద, నెలకొకమాఱైనను బోయి, బుద్ధులు చెప్పుటకుఁ గాక, వినుటకుఁ గూర్చుండునట్లు ఏర్పాటు గావింపుడు. దీనికి నిధి యక్కఱలేదు; తీరిక చాలును. మేడలు కట్టించిన పిమ్మట వానిలో మనతో మాటాడు బిడ్డలుండవలెను గదా!