రెండు గీతలు, ఒకే అడవి

 ఈ రోజు పట్టా పుచ్చుకుంటున్న మీలో చాలామంది రేపటి నుంచి లెక్కల పట్టికలతోనే పొద్దు పుచ్చుతారు. అందుకే నాకు బాగా ఇష్టమైన కలప లెక్కల గురించి ఈ పూట మాట్లాడతాను.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో కేటీలోనో మనవాళ్లు కట్టించుకునే ఇంటికి షీట్‌రాక్ పలకలు బిగించక ముందు వెళ్లి చూడండి. గోడంతా నిలువు చెక్కలే. చాలావాటి మీద మిల్లు నంబరు, దాని పక్కన 'ఎస్‌పీఎఫ్' అనే ముద్ర ఉంటాయి. స్ప్రూస్, పైన్, ఫర్ జాతుల కలప అన్నమాట. అందులో చాలా భాగం కెనడా అడవులది. గృహప్రవేశం నాటికి ఆ ముద్ర ఎవరికీ కనబడదు.

2005లో అమెరికాలో 20 లక్షలకు పైగా కొత్త ఇళ్లకు పని మొదలైంది. 2009లో ఆ సంఖ్య సుమారు 5.5 లక్షలు. ఇళ్లతో పాటే కలప దిగుమతీ కూలిపోయింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే చైనా దిగుమతి పైకి లేచింది. 1998 యాంగ్జీ వరదల తర్వాత చైనా తన సహజ అడవుల నరికివేతను కట్టడి చేసింది, కట్టడాలు మాత్రం ఆపలేదు. అమెరికాలో గిరాకీ పడిపోయిన కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మిల్లులు అటు తిరిగాయి. 2011లో ఒక దశలో అక్కడి నుంచి చైనాకు వెళ్లిన కలప విలువ అమెరికాకు వెళ్లినదాన్ని మించింది.

అమెరికా, చైనా దిగుమతుల రెండు గీతలను పక్కపక్కన చూసి, అమెరికా స్థానంలోకి చైనా వచ్చేసిందని రాస్తే పొరపాటే. అమెరికాలో ఈ కలప ఇంటి గోడగా నిలబడుతుంది. చైనాలో చాలావరకు కాంక్రీటు పోతకు సెంట్రింగ్ చెక్కగా, సరుకు పెట్టెలుగా పోతుంది. పైగా చైనా దుంగలు కూడా భారీగా తెప్పించుకుని సొంత మిల్లుల్లో కోసుకుంటుంది. కోసిన కలప పట్టికలో ఆ దుంగలు ఉండవు. 2022 జనవరి 1 నుంచి రష్యా సాఫ్ట్‌వుడ్ దుంగల ఎగుమతి నిషేధించింది. అలాంటి ఒక్క ఉత్తర్వుతో, వాడకం మారకపోయినా, సరుకు ఒక పట్టిక నుంచి ఇంకో పట్టికలోకి మారిపోవచ్చు.

ఇక కలప మీద అమెరికా, కెనడాల తగాదా 1982 నాటిది. కెనడాలో అడవి ఎక్కువగా ప్రభుత్వానిది, చెట్టుకు కట్టాల్సిన రుసుము ప్రావిన్సులే నిర్ణయిస్తాయి. అది దొడ్డిదారి సబ్సిడీ అని అమెరికా మిల్లులు, కానే కాదని కెనడా. దీని మీద కుదిరిన 2006 ఒప్పందం 2015 అక్టోబరులో ముగిసింది. 2025 అక్టోబరుకల్లా చాలా కెనడా మిల్లుల మీద సుంకాలన్నీ కలిపి సుమారు 45 శాతమయ్యాయి. అలాగని దిగుమతి తగ్గిన ప్రతిసారీ నేరం సుంకానిదే కాదు. బ్రిటిష్ కొలంబియాలో పైన్ చెట్లను పురుగు తినేసింది, మంటలు మిగిలినదాన్ని కాల్చాయి. నలభై ఏళ్లలో రెండు స్నేహ దేశాలు నిలకడైన ఒప్పందం చేసుకోలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ అనిశ్చితిలో మిల్లుల ఊళ్లే ముందు నలుగుతాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఎవరో ఇలాంటి రెండు గీతల బొమ్మ మీ ముందు పెట్టి, సాయంత్రానికి అభిప్రాయం రాసిమ్మంటారు. అందులో దుంగలు కలిశాయో లేదో అడగండి. కొలత బోర్డు అడుగులా, ఘనపు మీటర్లా చూడండి. 'టూ బై ఫోర్' అని పిలిచే చెక్క నిజానికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే, కానీ బోర్డు అడుగులు లెక్కగట్టేది పేరులోని కొలతతోనే. సాయంత్రానికి తేలకపోతే, ఇంకో రోజు గడువు అడగండి.