ఊరికి తిరిగి చెప్పాల్సిన లెక్క

ముందు వరుసలో కూర్చున్న మా సార్ ఇంటి అమ్మగారికి మరీ మరీ నమస్కారం. సర్వేకి వెళ్లి ఏ అర్ధరాత్రి బస్సు దిగినా మాకు ఆ ఇంట్లో అన్నం దొరికేది.

సార్ నడిపింది చాలా చిన్న సంస్థ. హైదరాబాదులో రెండు గదులు, అయిదుగురం మనుషులం, పని ఉన్నప్పుడు వచ్చే సర్వే పిల్లలు కొందరు. స్వచ్ఛంద సంస్థలూ ట్రస్టులూ ఊళ్లలో చేసిన పనివల్ల జనానికి ఏం ఒరిగిందో చూసి చెప్పడం మా వృత్తి. పని మొదలవకముందు బేస్‌లైన్, ముగిశాక ఎండ్‌లైన్, నడుమ మహిళా సంఘాలతో మాటామంతీ, చివర రిపోర్టు. ఆ రిపోర్టులు మూడు బీరువాల నిండా ఉన్నాయి. ఈ పూట మాట్లాడటం కోసం మళ్లీ తీసి చదివాను. మేం లెక్క బాగానే వేశాం. కానీ చాలాకాలం దాన్ని చెప్పాల్సినవాళ్లకు చెప్పలేదు.

ఈ లోపం మాతో పుట్టింది కాదు. 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో దేశంలో సమాజ వికాస కార్యక్రమం మొదలైంది. దాని మంచిచెడ్డలు విడిగా చూడటానికి ఆ నెలలోనే ప్రణాళికా సంఘం కింద ప్రోగ్రాం ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్‌ను పెట్టారు. పని మొదలైన నెలలోనే దాన్ని తూచేవాణ్ణి కూడా పక్కన నిలబెట్టారంటే అది చిన్న సంగతి కాదు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం పరిశీలించి, అధికారం కింది దాకా దిగనిదే జనం ఈ పనిని తమదనుకోరని తేల్చింది. 1959లో రాజస్థాన్‌లోనూ, ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్‌లోనూ పంచాయతీరాజ్ వచ్చింది. ఒక పరిశీలన పాలన రూపాన్నే మార్చేసింది. అయినా రిపోర్టు అనేది పైకి వెళ్లే కాగితంగానే మిగిలిపోయింది. జవాబులు చెప్పింది ఊరు, ఫలితం విన్నది ఢిల్లీ.

సార్ మా చేత పదే పదే చదివించిన అధ్యయనం ఒకటుంది, మన హైదరాబాదుదే. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు కలిసి 104 బస్తీలు తీసుకున్నారు. లాటరీ తీసినట్టు తీసిన 52 బస్తీల్లో ముందుగా స్పందన సంస్థ చిన్న అప్పులివ్వడం మొదలుపెట్టింది. కొన్ని కుటుంబాల వ్యాపారం పెరిగింది. సగటున ఇంటి ఖర్చు పెరగలేదు, పిల్లల చదువులోనూ ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులోనూ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సూక్ష్మరుణాన్ని ఆకాశానికెత్తినవాళ్లకూ, దుమ్మెత్తిపోసినవాళ్లకూ ఈ ఫలితం మింగుడు పడలేదు. ఏమీ మారలేదని తేలితే ఆ మాటే రాయాలి అని సార్ అనేవారు.

అలా రాయాల్సిన రోజు మాకూ వచ్చింది. ఒక సంస్థ మరుగుదొడ్లు కట్టించింది. ఇంట్లో మరుగుదొడ్డి ఉందా అన్నది మా ప్రశ్న. ఉంది అన్నది జవాబు. తలుపు తీస్తే లోపల కట్టెలు, పిడకలు. ఒకావిడ నన్ను నిలదీసింది. "బోరింగు కాడి నుంచి నేను మోసుకొచ్చే నీళ్లు తాగేదానికా బాబూ, దీంట్లో పోసేదానికా?" ఆ మాటను రిపోర్టులో మొదటి పేజీలోనే రాశాం. తీసి అనుబంధంలో పెట్టమని డబ్బిచ్చినవాళ్లు అడిగారు. సార్ ఒప్పుకోలేదు. ఆఖరి విడత డబ్బు రాలేదు, ఆ నెల మా జీతాలు ఆయన పెన్షన్‌లోంచి వచ్చాయి. ఈ కథ మేం గర్వంగా చెప్పుకునేవాళ్లం. తన మాట మొదటి పేజీలోకి ఎక్కిందని ఆవిడకు చెప్పాలని మాత్రం మాలో ఒక్కరికీ తోచలేదు.

మా కళ్లు తెరిపించింది కన్సల్టెన్సీలు కాదు, కూలీలు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల సంఘం జనసునవాయి, అంటే బహిరంగ విచారణ, పెట్టి పనుల లెక్కలను జనం ముందే చదివింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. అదే తీరులో గ్రామసభే పనులను తనిఖీ చేయాలని ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను చెప్పింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని కాగితం మీద వదిలేయలేదు. కూలీల ఇళ్ల పిల్లలకే శిక్షణనిచ్చి, పని హాజరు మస్టర్లు చేతికిచ్చి, ఇల్లిల్లూ తిప్పింది. 2009లో సామాజిక తనిఖీకి విడిగా ఒక సొసైటీనే పెట్టింది.

సార్ మమ్మల్ని ఒక మండలంలో ఆ తనిఖీ చివర జరిగే ప్రజావేదికకు తీసుకెళ్లారు. టెంటు కింద అధికారులు, ఎదురుగా కూలీలు. మైకులో పేరూ, పనిదినాలూ చదువుతున్నారు. ఒక ముసలాయన లేచి, ఆ వారం నేను మంచం మీదున్నా, పనికెట్టా పోతా అన్నాడు. టెంటంతా నిశ్శబ్దం. తిరుగు ప్రయాణంలో సార్ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ప్రతి ప్రతిపాదన బడ్జెట్లోనూ ఊరికి మళ్లీ వెళ్లి ఫలితం చదివి వినిపించడానికి ఒక రోజు చేర్చారు. డబ్బిచ్చేవాళ్లు మొదట కొట్టేసేది ఆ రోజునే. కొట్టేసినా ఆయన సొంత బస్సు ఛార్జీలతో వెళ్లేవారు.

అలా చదివి వినిపించినవి చివరి కొన్నేళ్లవే. అంతకు ముందరివన్నీ బీరువాల్లోనే ఉన్నాయి. మరుగుదొడ్ల ఊరికి మేం ఈనాటికీ తిరిగి వెళ్లలేదు. సంక్రాంతి దాటాక ఆ రిపోర్టు పట్టుకుని అక్కడికే మొదట వెళ్తున్నాం. వెంట రాదలచిన పిల్లలు సభ ముగిశాక అమ్మగారి దగ్గర పేర్లు రాయించండి.