గడప దాటిన ముగ్గు



ఇల్లనగా గోడలు, దూలములు మాత్రమే కావు. తనదని కన్ను గుర్తించు చిహ్నములును గలిసిననే అది ఇల్లగును.

1834–1920 నడుమ కూలి ఒడంబడికలపై మారిషస్ రేవున దిగిన భారతీయులు సుమారు అయిదు లక్షలమంది. వారిలో తెలుగువారును గలరు. చెరకుతోటల కొట్టములలో కాపురముండబోవు వారు పుట్టినింటిని ఓడ నెక్కింపజాలరు గదా! అయినను నేటికిని ఉగాదినాడు అచటి తెలుగువారి గుమ్మములకు మామిడాకుల తోరణములు, ముంగిళ్లలో ముగ్గులు కనబడును. ఆ పండుగ అచట ప్రభుత్వ సెలవుదినము.

చెక్కిన ద్వారబంధము వెంటరాదు, ముగ్గు వచ్చును. అది వస్తువు గాదు, చేతివిద్య. ఉదయమున వేసినది మాపటికి చెరగును. మరల వేయు చేయి యున్నంతవరకే నిలుచును. ఇంట పరభాష మాటాడు మనుమరాలికి సైతము ఆ చుక్కలు పూర్వుల వాకిలిని జూపును.

కావున గడప దాటి పోవు బిడ్డలకు మూట గట్టి యిచ్చుటతోబాటు ముగ్గును నేర్పి పంపుడు.