పిస్తోలు కంటే ముందు పెట్టె
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు కాకుండా ఈసారి ఇంకేదైనా మాట్లాడండి" అన్నారు మన కార్యదర్శి గారు. నాకు తెలిసింది ఒక్కటే విద్య. జిల్లా సాయుధ రిజర్వులో 31 ఏళ్లు ఆర్మరర్‌గా పనిచేశాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్ తాళాలు నా దగ్గరే ఉండేవి. తుపాకులు విప్పటం, తుడవటం, బిగించటం, సాయంత్రానికి లెక్క అప్పజెప్పటం, ఇదే నా సర్వీసు. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కనుక అక్కడ నాకైన అనుభవం ఒకటి మనవి చేస్తాను.

2023 వేసవిలో నేనూ మా ఆవిడా డాలస్ దగ్గర మా అబ్బాయి ఇంటికి వెళ్లాం. వాడు అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఒక దుకాణం నడుపుతున్నాడు. రాత్రి 11 గంటలకు డబ్బు సంచీతో ఒక్కడే కారు దాకా నడవాలి. "నాన్నా, చొక్కా కింద కనపడకుండా పెట్టుకోవటానికీ, ఆదివారాలు సరదాగా గురి కొట్టటానికీ పనికొచ్చే చిన్న పిస్తోలు చూసిపెట్టు" అన్నాడు. వద్దన్నాను. వినలేదు. ఎలాగూ కొంటాడు, మంచిదైనా కొననీ అని బయల్దేరాను.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకి ముట్టలేం. 9 ఎం.ఎం. పిస్తోలైతే సామాన్యుడికి నిషిద్ధం. టెక్సాస్‌లో అలా కాదు. 21 ఏళ్లు నిండి, చట్టపరంగా నిషేధం లేనివారు 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. దుకాణంలో కొనేటప్పుడు ఫారం నింపాలి, పూర్వాపరాల తనిఖీ జరుగుతుంది. బళ్లు, బార్లు వంటి చోట్లకు తీసుకుపోకూడదు.

ఒక్క సంగతి మాత్రం మీరంతా గుర్తుంచుకోవాలి. మనలా విజిటర్ వీసా మీద వెళ్లినవారూ, హెచ్-1బి మీదా చదువు వీసా మీదా ఉన్న పిల్లలూ, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, అక్కడి కేంద్ర చట్టం ప్రకారం తుపాకిగానీ తూటాగానీ తమ దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారు కొనుక్కోవచ్చు. ఇది తెలియక సరదాకి చేత్తో పట్టుకుంటే చిక్కుల్లో పడతారు. 31 ఏళ్లు తుపాకులతో బతికిన నేను ఆ ఫైరింగ్ రేంజిలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

అక్కడ పిస్తోళ్లు అద్దెకిస్తారు. కొనేముందు కాల్చి చూసుకోవచ్చు. పాతకాలపువాణ్ణి కదా, నేను మొదట రివాల్వర్ చూపించాను. స్మిత్ అండ్ వెసన్ 642, అయిదు తూటాలది, బరువు 400 గ్రాములు. జేబులో ఇమిడిపోతుంది, మాగజైను గొడవ లేదు. కానీ తేలిక తుపాకి గట్టిగా తన్నుతుంది. దాని ట్రిగ్గర్ బరువు, బారెల్ పొట్టి. ఏడు గజాల్లోనే వాడి తూటాలు కాగితం నిండా చెదిరిపోయాయి. నా సలహా తప్పని ఒప్పుకున్నాను.

రెండోది 2018లో వచ్చిన సిగ్ పి365. అర కిలో బరువు, బారెల్ 3.1 అంగుళాలు, మాగజైనులో 10 తూటాలు. దాచుకోవటానికి దీన్ని మించింది లేదు. అయితే వాడి అరచెయ్యి పెద్దది, యాభై తూటాలు కాల్చేసరికి చెయ్యి నొప్పెట్టింది. మూడోది గ్లాక్ 19. బరువు 670 గ్రాములు, బారెల్ 4 అంగుళాలు, 15 తూటాలు. కాస్త పెద్దదే, పలుచని చొక్కా కింద ఉబ్బెత్తుగా కనపడుతుంది. కానీ తూటాలన్నీ దాదాపు గుప్పెడంత చోటులో పడ్డాయి. "చొక్కా వదులుది కుట్టించుకోవచ్చు, గురి కుట్టించుకోలేం" అన్నాను. అదే కొన్నాడు. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, దళసరి బెల్టు కూడా కొనిపించాను.

పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను. రెండో వారం మధ్యాహ్నం ఏడేళ్ల మా మనవడు నా చెవిలో, "తాతయ్యా, డాడీ గన్ ఎక్కడుందో నాకు తెలుసు" అన్నాడు. వెళ్లి చూద్దును గదా, మంచం పక్క సొరుగులో, చేతిరుమాళ్ల కింద ఉంది. తీసి పైన పెడదామంటే నేను ముట్టకూడదు. పోనీ అని వదిలి రాలేను. అబ్బాయికి ఫోను చేసి, సొరుగు మూసి, దానికి వీపు ఆనించి కింద కూర్చున్నాను. వాడు వచ్చేసరికి గంటంబావు పట్టింది. వచ్చి మాగజైను తీసి స్లైడు లాగాడు. లోపలున్న తూటా ఎగిరి పరుపు మీద పడింది. గ్లాక్‌కి బొటనవేలితో వేసే సేఫ్టీ ఉండదు. ట్రిగ్గర్ లాగితే పేలుతుంది, లాగింది ఎవరి వేలైనా సరే.

వాణ్ణి తిట్టలేదు. తప్పు నాది కూడా. సర్వీసులో రాక్, గొలుసు, తాళం, రిజిస్టరు అయ్యాకే తుపాకి మాట. కొడుకు దగ్గరికొచ్చేసరికి బారెల్ ఎంత, బరువెంత, తూటాలెన్ని అని అడిగానే గాని, వెంట లేనప్పుడు ఎక్కడ పెడతావురా అని ఒక్కసారీ అడగలేదు.

ఆ సాయంత్రమే నంబరు నొక్కితే తెరుచుకునే ఉక్కు పెట్టె కొని అలమరలో గోడకి బోల్టులతో బిగించాడు. నడుముకు లేనప్పుడు ఖాళీ చేసి అందులో పెట్టాలి, తూటాలు వేరే తాళంలో. అక్కడి పిల్లల వైద్యులు చెప్పేదీ ఇదే. నిర్లక్ష్యం వల్ల 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటాలున్న తుపాకి అందితే టెక్సాస్‌లో నేరం కూడా. ఇంకో మాట. అమెరికాలో తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో మనసు బాగాలేనివారుంటే ఆ ఇంట తుపాకి ఉండకపోవటమే మేలు.

కనుక మిత్రులారా, మీ అబ్బాయో అమ్మాయో ఎప్పుడైనా ఈ మాటెత్తితే ఏ కంపెనీది అని అడక్కండి. పెట్టె కొన్నావా అని అడగండి. పిల్లలింటికి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా అడగండి. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోనులో మా మనవడి చదువు కంటే ముందు నేను అడిగేది అదే. "తాళం వేశాను నాన్నా" అని వాడు చెప్పాకే మిగతా కబుర్లు.