ఊరి కథ వ్రాయు చేతులు

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



రోడ్లు, మురుగు కాలువలు, త్రాగునీరు, వీధి దీపములు — ఇవి మీ సమావేశములలో నిత్యము చర్చకు వచ్చు విషయములు. వీనిని గూర్చి మీతో మాటలాడుటకు ఇంజనీర్లు కలరు, వైద్యాధికారులు కలరు. మేము నేడు తెచ్చిన విషయము మీ చర్చలలో ఇంతవరకు చోటు చేసికొని ఉండకపోవచ్చును. మీ గ్రామమున కథ వ్రాయవలెనని కోరిక గల పిల్లవాడు, పాట కట్టగల ఆడకూతురు ఉన్నచో, వారికి వ్రాత అలవడుట ఎట్లు? అందులో పంచాయతీ చేయదగిన పని యేమి?

"వ్రాత పుట్టుకతో రావలెను గాని నేర్పిన వచ్చునా?" యని మీలో కొందరు అనుకొనవచ్చును. సాంచెల పనిని గూర్చి సిరిసిల్లలో ఎవరును ఈ మాట అనరు. పిల్లవాడు పెద్దవాని ప్రక్కన నిలిచి చూచును, తెగిన పోగును అతుకును, తప్పు చేసిన చీవాట్లు తినును, కొన్ని నెలలకు తానే సాంచె నడుపును. వ్రాతయు అట్టి పనియే. దానికిని ప్రక్కన నిలుచు చోటు కావలెను, తప్పు చూపు మనిషి కావలెను. ఆ చోటు లేనందున ఎంతమంది తమ నోటుపుస్తకమును ట్రంకుపెట్టె అడుగున దాచి మరచిపోయినారో లెక్క పెట్టినవారు లేరు.

వేములవాడ చెంతనున్న హనుమాజీపేట మీకు తెలిసిన గ్రామమే. డాక్టరు సి. నారాయణ రెడ్డిగారు అచ్చట 1931లో జన్మించిరి. ఆనాడు నైజాము రాజ్యమున చదువంతయు ఉర్దూలో సాగెడిది. సిరిసిల్లలోను, కరీంనగరములోను వారు ఉర్దూ మాధ్యమముననే చదివిరి. మరి వారికి ఆ తెలుగు నుడికారము ఎచ్చటినుండి వచ్చినది? ఊరిలో జరిగిన హరికథలు, జంగము కథలు, జానపదుల పాటలు వారి మొదటి బడి. పిదప హైదరాబాదునకు పోయి, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయములో ఆధునిక గ్రంథములను చదివిరి. అది రెండవ బడి. ఆ భాషా నిలయమును కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగు పెద్దలు 1901లో నెలకొల్పిరి. అనగా నారాయణ రెడ్డిగారు పుట్టుటకు 30 సంవత్సరములకు పూర్వము. ఎవరికొరకు పుస్తకములు కొనుచున్నామో ఆ పెద్దలకు తెలియదు. కొన్నారు, బీరువాలలో పెట్టినారు, తలుపులు తెరచి ఉంచినారు. ఆ తెరచిన తలుపులలోనుండి ప్రవేశించినవారిలో ఒకరి 'విశ్వంభర' కావ్యమునకు 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వచ్చినది.

జగిత్యాల సంగతి మరియొక తీరు. అచ్చట కొందరు యువకులు కూడి 'సాహితీ మిత్ర దీప్తి' అను సంస్థను నడిపిరి. ఆ సంస్థ పరిచయముతోనే అలిశెట్టి ప్రభాకర్ కవిత్వములోనికి వచ్చెను. అతని తొలి కవిత 1974లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వెలువడినది. అతడు చిత్రకారుడు, ఫొటోగ్రాఫరు. పొట్టపోసికొనుటకు ఫొటో స్టూడియో పెట్టినవాడు. నాలుగు పంక్తులలో చెప్పదలచినది చెప్పి, ప్రక్కనే బొమ్మ గీసి పదిమంది చూచునట్లు పెట్టెడివాడు. 1993 జనవరి 12న క్షయవ్యాధితో మరణించెను. అతని పంక్తులు నేటికిని గోడలపై కనబడుచున్నవి. అతని రాజకీయాభిప్రాయములతో ఏకీభవింపనివారును ఆ పంక్తులను కంఠస్థముగా చెప్పుచుందురు. అతనిని కళాశాలలు కవిగా తీర్చలేదు. ఒక ఊరిలోని మిత్రబృందము మొదట చెవియొగ్గి వినినది. ఆ బృందమునకు కావలసినదెల్ల కూర్చుండుటకు ఒక చోటు, కొంత తీరిక.

కథలు వ్రాయుటను పాఠముగా చెప్పినవారును ఈ జగిత్యాలవారే. బి. ఎస్. రాములుగారు బీడీ కార్మికుల జీవితమును 'బతుకు పోరు' నవలగా వ్రాసిరి. అంతటితో ఊరకుండక, కొత్తగా వ్రాయువారికొరకు కథా కార్యశాలలు జరిపిరి. కథ యెట్లు పుట్టును, ఎట్లు పెరుగును అను విషయముపై 'కథల బడి' అను గ్రంథమును రచించిరి. పేరులోనే బడి యున్నది, చూడుడు. విద్యాపీఠమని గాని, అకాడమీ యని గాని అనలేదు.

కార్యశాల యనగా నేమో కొంత వివరింపవలసియున్నది. పదిమంది గుండ్రముగా కూర్చుందురు. ఒకరు తాము వ్రాసినది చదువుదురు. తక్కినవారు విని, ఎచ్చట మనసు పట్టినది, ఎచ్చట విసుగు కలిగినది, ఏది నమ్మదగినట్లు లేదు అనునది చెప్పుదురు. వ్రాసినవారు ఆ సమయమున వాదింపక, ఇంటికి పోయి మరల వ్రాయుదురు. ఒక ఉదాహరణము అనుకొందము. కోరుట్ల వైపు ఒక బాలిక "మా అమ్మ బీడీలు చేసి చాలా కష్టపడుచున్నది" అని వ్రాసినది. ఆ వాక్యము తప్పు కాదు. కాని దానిని ఎవరైనను వ్రాయవచ్చును. అప్పుడు ప్రక్కనున్నవారు అడుగుదురు: ఆకు ఎప్పుడు నానబెట్టును? వేయి బీడీలు పూర్తియగునప్పటికి వేళ యెంత యగును? ఇచ్చిన ఆకు చాలనిచో కొనునది ఎవరు? బాగులేవని తీసివేసిన బీడీలకు కూలి యెవరు ఇత్తురు? ఆ ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని వచ్చిన దినమున ఆ బాలిక వ్రాసినది కథ యగును. అంతియే కాదు, అది పంచాయతీ చదువవలసిన పత్రము గూడ అగును.

ఈ పద్ధతి మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో అయోవా అను రాష్ట్రము కలదు. మెట్‌పల్లి, జగిత్యాల రైతులవలె మొక్కజొన్న పండించువారి సీమ. అచ్చటి విశ్వవిద్యాలయమున 1936లో రచయితల కార్యశాల యను పేరుతో చదువు ప్రారంభించిరి. ఒకరు వ్రాసినది అందరును చదివి చర్చించుటయే అందలి ముఖ్యమైన పాఠము. మన దేశమునను ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఆంగ్లమున సృజనాత్మక రచనకు డిప్లొమా పెట్టినది. అవి మంచివే. అయినను, కండెలు చుట్టు తల్లికి సాయము చేయుచు చదువుకొను పిల్లకు అవి దూరముననున్నవి. ఆమెకు కావలసినది సాయంకాలము నడచి పోదగిన దూరమున ఉండవలెను.

కోరుట్ల మాట చెప్పకుండిన ఆ ఊరివారు మమ్ము క్షమింపరు. అందె వేంకటరాజముగారు అచ్చటివారు. కవి, విమర్శకులు, అవధాని. అవధానము నెరిగినవారికి తెలియును, అదియు ఒక్కరి విద్య గాదు. ప్రశ్నించు పృచ్ఛకులు లేక అవధానము లేదు. ఇక బాలల సాహిత్యమునకు వచ్చినచో, మెట్‌పల్లి సమీపమున చౌలమద్దికి చెందిన వాసాల నర్సయ్యగారికి 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారము లభించినది. 2022లో అదే పురస్కారము పత్తిపాక మోహన్‌గారి 'బాలల తాత బాపూజీ'కి వచ్చినది, వారు సిరిసిల్లవారు. రెండు చిన్న పట్టణముల చుట్టుప్రక్కల ఇంత పంట పండుచుండగా, మన గ్రామములలో వ్రాయువారు లేరని అనుట ఎట్లు?

ఇట్టి మాట పూర్వమును వినవచ్చినది. తెలంగాణమున కవులు లేరని యెవరో అన్నప్పుడు, సురవరం ప్రతాపరెడ్డిగారు పద్యములు సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించిరి. అందు 354 మంది కవులు చేరిరి. మరుసటి ఏడు, 1935లో, ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశము మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన మన సిరిసిల్లలోనే జరిగినది. ఆనాటి పెద్దలు తెలుగు చదువును, గ్రంథాలయములను ప్రజల హక్కుగా అడిగినవారు.

తన కథను తాను వ్రాసికొనని ఊరి కథను ఇతరులు వ్రాయుదురు. నేత కార్మికుల ఆత్మహత్యలు వరుసగా జరిగిన కాలమున పత్రికలు సిరిసిల్లను 'ఉరిసిల్ల' యని వ్రాసిన దినములు కలవు. ఆ మాటలో అసత్యము లేదు. కాని ఆ ఊరిలో బ్రతికినవారు, అప్పులో మునిగియు సాంచె ఆపనివారు, భర్త పోయిన పిమ్మట బిడ్డలను చదివించిన తల్లులు ఆ ఒక్క మాటలో ఇమిడిపోయిరి. జూకంటి జగన్నాథముగారివంటి కవులు అచ్చటనే యుండి వ్రాసిరి గనుక లోపలి సంగతి కొంత నిలిచినది. జగిత్యాల, కోరుట్ల గ్రామములనుండి గల్ఫు దేశములకు పోయినవారి సంగతి యేమి? ఒకప్పుడు ఉత్తరములు వచ్చెడివి. అవి దూలమునకు గ్రుచ్చియుండెడివి. నేడు ఫోనులో మాట వచ్చును, విన్న వెంటనే పోవును. పదేండ్ల పిమ్మట ఆ వలసను గూర్చి తెలిసికొనగోరువారికి ఊరిలో ఒక్క కాగితము దొరకదు.

వ్రాసిన కథ ఊరిని కదలింపగలదా యని అడుగువారికి నెల్లూరు జిల్లా దూబగుంటను చూపుదుము. అక్షరాస్యతా వాచకములో సీతమ్మ కథ యను పాఠము ఉండెడిది. త్రాగుడువలన చెడిన కుటుంబపు కథ. రాత్రి బడిలో దానిని చదువుకొన్న స్త్రీలు 1992లో సారా దుకాణమును ఎదిరించిరి. ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించి 1993లో సారా నిషేధమునకు దారితీసినది. చిన్న పాఠమే. అయితే అందలి సీతమ్మ వారి వీధిలోని మనిషి.

ఇక పంచాయతీ చేయదగిన పని. రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణతో పదునొకండవ షెడ్యూలు చేరినది; పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు రెండును కలవు. అంతకంటె ముఖ్యమైన సంగతి మీ చేతిలోని రసీదు పుస్తకములోనే యున్నది. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మీరు వసూలు చేయుచున్నారు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. ఆ సొమ్మును ఇతర ఖర్చులకు వాడుకొని, బకాయి పెట్టు పంచాయతీలు ఉన్నచో అచ్చటి పాఠకుడు తాను చెల్లించిన పుస్తకమును తాను చూడకుండ పోవును. రాబోవు సమావేశమున ఈ పద్దును ఒక్కమారు చదివి వినిపింపుడని మా మనవి. చెల్లించిన పంచాయతీకి "మా ఊరికి పుస్తకము లేవి?" యని అడుగు అధికారము గూడ ఉండును.

రెండవది గోడపత్రిక. పంచాయతీ కార్యాలయము గోడపై ఒక నల్లబల్ల, లేదా కాగితములు అంటించు అట్ట చాలును. పదునైదు దినములకొకమారు గ్రామవార్తలు అందుండవలెను: ఎవరి బోరు ఎండినది, పసుపు ధర మెట్‌పల్లి మార్కెట్టులో ఎట్లున్నది, ఏ పిల్ల పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చినది, గల్ఫునుండి ఎవరు తిరిగి వచ్చిరి. ప్రక్కన ఒక చిన్న కవిత, ఒక బొమ్మ. వార్త వ్రాసినవారి పేరు క్రింద ఉండవలెను. ఇద్దరు విచారించి నిజమని తేల్చిన పిమ్మటనే అంటింపవలెను. వార్త వ్రాయుట అలవడినవాడు చూచినది చూచినట్లు వ్రాయుట నేర్చును. కథకు అదియే మొదటి మెట్టు.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మేము ప్రచార శాఖవారము. పొగడ్త వ్రాయుట ఎంత సులభమో మాకంటె ఎరిగినవారు లేరు. గోడపత్రికలో సర్పంచిగారి దండల బొమ్మలే యున్నచో మూడవ సంచిక నాటికి దానిని చూచువారుండరు. మూడవ వార్డులో మురుగు కాలువ నిండినదని ఒక విద్యార్థి వ్రాసినచో, దానిని చింపక, ప్రక్కనే పంచాయతీ జవాబు అంటింపుడు. అట్టి పత్రికకొరకు జనము ఎదురు చూతురు.

భాషను గూర్చియు ఒక మనవి. మేము ఈ విధముగ గ్రంథభాషలో మాటలాడుట మా శాఖకు పట్టిన అలవాటు. పిల్లలను దీనికి కట్టవలదు. వారి ఇంటిలో, పొలములో, సాంచెలకాడ ఏ మాట వాడుదురో ఆ మాటతోనే వ్రాయనిండు. అక్షరదోషములు దిద్దుటకు ఉపాధ్యాయులు కలరు. మాటను మాత్రము మార్చవలదని వారికి గూడ చెప్పుడు.

మూడవది నెలకొక కూటమి. గ్రంథాలయము ఉన్నచో అందులో, లేనిచో బడి గదిలో, అదియు కుదరనిచో పంచాయతీ భవనము వరండాలో. ఖర్చు యెంత యని అడుగుదురు గనుక చెప్పుచున్నాము: ఒక చాప, ఒక దీపము, కొన్ని తెల్ల కాగితములు, తేనీరు. సమీప పట్టణమునుండి ఒక రచయితను రప్పించినచో బస్సు ఛార్జీ. శాలువలు, పూలమాలలు వలదు. ఆ డబ్బుతో రెండు కథల పుస్తకములు వచ్చును. వచ్చినవారి పేర్లు, చదివిన రచనల పేర్లు ఒక రిజిస్టరులో వ్రాయించి, రచన నకలు ఒకటి ఫైలులో ఉంచుడు.

వేళ విషయమున స్త్రీలనే ముందు అడుగుడు. సాయంకాలము ఏడు గంటలకు కూటమి పెట్టినచో వంట పనియందుండు స్త్రీలలో ఒక్కరును రారు. బీడీల లెక్క అప్పగించు దినమును, సాంచెల సెలవు దినమును కనుగొని, మధ్యాహ్నము రెండు మూడు గంటల నడుమ పెట్టుడు. బీడీల చాట వెంట తెచ్చుకొని పని చేయుచునే వినెదమన్న వారిని గూడ రానిండు.