బోరు నీళ్ళు - ఉప్పు తొట్టి - మన జాగ్రత్తలు

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో పెట్టుకున్న వాటర్ సాఫ్ట్‌నర్‌ను ఎలా కాపాడుకోవాలో చెప్పమన్నారు. విషయం చిన్నదే. కానీ పెన్షన్ డబ్బుల్లోంచి మెకానిక్కుకు పోయే రూపాయి చిన్నది కాదు కనుక ఒప్పుకున్నాను.

మన బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరులో సున్నం పేరుకుంటుంది. కారణం మన కాళ్ళ కిందే ఉంది. జమ్మలమడుగు వైపు దొరికే నాపరాయి సున్నపురాయే. పులివెందుల, వేంపల్లె వైపు డోలమైట్ ఉంది. అందులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. ఈ రాతి పొరల గురించి విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లోనే పెద్ద గ్రంథం వెలువరించాడు. వాన నీరు ఈ రాళ్ళ సందుల్లో ఇంకుతూ ఆ లవణాలను కరిగించుకొని మన బోర్లలోకి చేరుతుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకని చోట 600 వరకు సరిపెట్టుకోవచ్చుననీ 2012 నాటి భారత ప్రమాణం చెబుతుంది.

సాఫ్ట్‌నర్ చేసే పని సులభమే. లోపల ఆవగింజల్లాంటి రెజిన్ గుళికలుంటాయి. అవి నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని, బదులుగా సోడియంను వదులుతాయి. కొన్నాళ్ళకు గుళికలు నిండిపోతాయి. అప్పుడు ఉప్పునీళ్ళు పంపితే పట్టుకున్నదంతా వదిలేసి మళ్ళీ పనికి సిద్ధమవుతాయి.

లెక్క మా ఇంటిదే చెబుతాను. 25 లీటర్ల రెజిన్. లీటరు రెజిన్ దాదాపు 50 గ్రాముల కాఠిన్యం పట్టుకుంటుంది, అంటే మొత్తం 1,250 గ్రాములు. మా బోరు కాఠిన్యం 500. కనుక 2,500 లీటర్ల నీరు వస్తుంది. రోజుకు 500 లీటర్లు వాడితే అయిదు రోజులు. మేము నాలుగో రోజే ఉప్పు పట్టిస్తాం. ఒక్కొక్కసారికి నాలుగు కిలోల లోపు ఉప్పు చాలు.

పోయిన వేసవిలో ఉన్నట్టుండి నురగ రావడం మానేసింది. మెకానిక్కు వచ్చి, రెజిన్ చచ్చిపోయింది, అంతా మార్చాలన్నాడు. ఖర్చు నా పెన్షన్‌లో సగం. రెండు రోజులు ఆగమని చెప్పి, ఉప్పు తొట్టి మూత తీసి చూశాను. మూడు వారాలుగా ఉప్పు మట్టం తగ్గనేలేదు! కట్టెతో పొడిస్తే పైన పెచ్చులా గట్టిపడిన ఉప్పు విరిగి, కింద ఖాళీ బయటపడింది. నీటికి ఉప్పు అందక, పలచని ఉప్పునీళ్ళే రెజిన్‌కు పోతున్నాయన్నమాట. పెచ్చు పగలగొట్టి, ఉప్పునీళ్ళు పీల్చే గొట్టం చివరి జాలీలో చేరిన మట్టి కడిగి, రెండుసార్లు ఉప్పు పట్టించాను. మర్నాటికి నురగ వచ్చింది. రెజిన్ అదే.

ఇంకొకటి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నీళ్ళు మెత్తబడ్డాయని ఎనిమిది నెలలు వాటినే తాగాం. మా ఇంటావిడకు బి.పి. డాక్టరు ఉప్పు తగ్గించమంటే ఊరగాయ మానేసింది, మజ్జిగలో ఉప్పు మానేసింది. నీటి సంగతి ఇద్దరికీ తట్టలేదు. తరువాత లెక్క వేశాను. 500 కాఠిన్యం తీస్తే లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మూడు లీటర్లు తాగితే 690. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 2,000 లోపు ఉండాలంటుంది. మూడో వంతు నేనే చేతులారా గ్లాసుల్లో పోసి ఇచ్చాను! ఆమె బి.పి. దానివల్లే పెరిగిందని అనను. కానీ ఆ రోజే వంటింటి కుళాయికి సాఫ్ట్‌నర్‌తో పని లేకుండా వేరే పైపు వేయించాను.

గుర్తుంచుకోవలసినవి ఇవి:

1. పొడి ఉప్పు వద్దు, పెచ్చు కడుతుంది. శుభ్రమైన రాళ్ళ ఉప్పు వాడండి. తొట్టి నిండా పోయకండి.

2. ముందు ఎదురు నీటితో రెజిన్‌ను కడిగి, తరువాత ఉప్పునీళ్ళు పంపి, చివర మంచినీటితో ఉప్పదనం పోయేదాకా కడగాలి. ఈ వరస తప్పకూడదు.

3. ట్యాంకులో బ్లీచింగ్ వేసిన రోజు సాఫ్ట్‌నర్‌ను కట్టేయండి. క్లోరిన్ రెజిన్‌ను దెబ్బతీస్తుంది.

4. కడిగిన ఉప్పునీళ్ళు చెట్లకు పోయకండి. నేల చెడుతుంది.

5. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడును తీయదు. ఫ్లోరైడు ఉన్న ఊళ్ళవారు దీన్ని నమ్ముకొని తాగవద్దు.

చివరగా ఒక మనవి. చుక్కల మందు వేస్తే నీరు ఎర్రరంగు నుంచి నీలంగా మారేదాకా లెక్కపెట్టి కాఠిన్యం తెలుసుకునే చిన్న పరీక్ష పెట్టె దొరుకుతుంది. సంఘం తరఫున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్ళకూ ఒక్కొక్కటి కొని ఉంచితే, రెజిన్ చచ్చిందో లేదో మనమే తేల్చుకోవచ్చు. మొదటి పెట్టె ఖర్చు నాది.