విదేశీ కంపెనీ స్వదేశీ ఎలా అయింది?

(రైతు సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పంట రుణం గడువు ఒక్కరోజు దాటితే ఏమవుతుందో మీకు తెలుసు. సకాలంలో కట్టినవాళ్లకిచ్చే 3 శాతం వడ్డీ రాయితీ పోతుంది. మేనేజరును ఎంత బతిమాలినా రూలు ఒప్పుకోదంటాడు. అదే పెద్ద పార్టీలకైతే పార్లమెంటు దాదాపు 42 ఏళ్ల వెసులుబాటు ఇచ్చింది. అదీ వెనక్కి!

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో వచ్చింది. సగానికి మించి వాటా విదేశీయుల చేతిలో ఉన్న కంపెనీ నుంచి పార్టీలు పైసా తీసుకోకూడదు. లండన్ కేంద్రంగా ఉన్న వేదాంత గ్రూపు కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ విరాళాలు తీసుకుని ఈ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఆరు నెలల్లో చర్య తీసుకోమంది.

చర్య సంగతి అటుంచి, చట్టాన్నే మార్చేశారు. విదేశీ పెట్టుబడి ఆ రంగానికి అనుమతించిన పరిమితి లోపల ఉంటే, ఆ కంపెనీ ఇక విదేశీది కాదట. 2016 ఆర్థిక బిల్లులో ఈ ముక్క దూర్చారు. అయితే అది 2010 వరకే వెనక్కి వెళ్లింది. కోర్టు తప్పుపట్టిన విరాళాలు అంతకు ముందువి. అందుకని 2018లో మళ్లీ ఆర్థిక బిల్లులోనే 1976 ఆగస్టు 5 దాకా జరిపారు. లోక్‌సభలో చర్చే లేదు.

దీంతో మనకేం పని అంటారా? విత్తనాల రంగంలో 100 శాతం విదేశీ పెట్టుబడికి అనుమతి ఉంది. అంటే మొత్తం వాటా విదేశంలో ఉన్న విత్తన కంపెనీ కూడా చందా ఇచ్చేటప్పుడు స్వదేశీ కిందే లెక్క. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోన్‌శాంటో మీద కేసు వేసి పోరాడబట్టే, రూ.1,600 దాటిన బీటీ పత్తి ప్యాకెట్ రూ.750కి దిగింది. అలా తలపడాల్సిన ప్రభుత్వం అవతలివాళ్ల చందాతో గెలిచి వస్తే? ఫలానా కంపెనీ ఇచ్చిందని నేననడం లేదు. ఇస్తే, విదేశీదని అడ్డుకునే వీలు లేదంటున్నాను.

ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. సంతోషించాం. కానీ ఆ తీర్పు ఈ సవరణల జోలికి పోలేదు.

రూ.20 వేలు దాటిన విరాళాల జాబితాను పార్టీలు ఏటా ఎన్నికల సంఘానికి ఇస్తాయి. దాత పేరు, చిరునామా, పాన్, ఇచ్చిన సొమ్ము ఉంటాయి. కంపెనీలో విదేశీ వాటా ఎంతో రాసే గడి ఉండదు. ఆ గడి చేర్చాలనీ, 2016, 2018 సవరణలు రద్దు చేయాలనీ మండల మహాసభల్లో తీర్మానాలు పెట్టండి. ఓటుకొచ్చిన ఎంపీ అభ్యర్థిని ఈ రెండూ అడిగి, ఏమన్నాడో రాసి సంఘం ఆఫీసుకు పంపండి.